జిగురు పోతోందనుకున్నాం

హిందూపురం,
2024 జూన్ 9

రమా,

నువ్వు జనానికి విషం తాగిస్తున్నావు. పక్కకు చూడకు, ఈ కాగితం చదువుతున్న నువ్వే. తెలియక చేశానని తప్పించుకోవడానికి వీల్లేదు. తెలుసుకునే వీలుండి కూడా తెలుసుకోకపోతే అది అమాయకత్వం కాదు, నేరంలో వాటా.

ఉభయకుశలోపరి రాయడం లేదు, కుశలం ఉంటే కదా. ఫోనులో మాట్లాడదామంటే మూడో మాటకు నువ్వు అరుస్తావు, నాలుగో మాటకు నేను పెట్టేస్తాను. కాగితం మీదైతే నా మాట చివరిదాకా వింటావని ఆశ.

మొన్న పెనుకొండలో పని ఉండి దిగాను. కల్యాణ మండపం ముందు ఎర్ర బ్యానరు, దాని మీద నోరు తెరిచిన డ్రాగన్. ‘చైనా మూలికా చూర్ణం, కొవ్వును కణంలోనే కరిగించే విజ్ఞానం’ అట. లోపల గోపాల్ అనేవాడు తెల్లకోటు తొడుక్కుని ఉపన్యాసం ఇస్తున్నాడు. వాడు ఏం చదివాడని అడిగితే ఎవరికీ తెలియదు. నా పక్కన కూర్చున్న ధర్మవరం ఆమెను అడిగాను, ఎవరు చెబితే వచ్చావమ్మా అని.

“మగ్గాల వీధి రమక్క చెప్పిందప్పా. డబ్బాలు ఆయక్క ఇంట్లోనే దొరుకుతాండాయి. వాళ్లన్న హిందూపురంలో పెద్ద లెక్చరరంట. ఈ మందు మంచిదని ఆయప్పే రాసినాడంట.”

చేతిలో కరపత్రం పెట్టింది. అది నా వ్యాసం. పోయిన ఏడాది మా పార్టీ మాసపత్రికలో వచ్చినదే, కింద నా పేరుతో సహా.

నేను రాసిందేమిటో నీకు మళ్లీ చెబుతాను. మన ఒంట్లో ప్రతి కణంలోనూ ఏఎంపీకే అని ఒక ప్రొటీన్ ఉంటుంది. ఇంట్లో బియ్యం డబ్బా అడుగంటిందేమో చూసుకునే ఇల్లాలి లాంటిది అది. శక్తి తగ్గిందని తెలియగానే లేచి, దాచింది చాలు ఇక ఖర్చు పెట్టండని మిగతావాటికి కబురు పెడుతుంది. కొవ్వు కూడబెట్టడం ఆగి, కాల్చడం మొదలవుతుంది. చైనా వైద్యులు తరతరాలుగా వాడే కొన్ని మూలికల్లో బెర్బెరిన్ అనే చేదు పదార్థం ఉంది, మన మానుపసుపులోనూ ఉంది. అది ఈ ప్రొటీన్‌ను లేపుతుందని ఎలుకల్లో చూశారు. ఇన్సులిన్ పంపే కబురు, ఆకలి తీరిందని మెదడుకు చెప్పే లెప్టిన్ కబురు, పేగులోని సూక్ష్మజీవులు, ఇలా ఒక్కో కషాయం ఎన్నో దారుల్లో పనిచేస్తూ ఉండవచ్చని రాశాను. మనుషుల మీద జరిగినవి చిన్న పరీక్షలనీ, తగ్గిన బరువు కొద్దేననీ, తేలాల్సింది ఇంకా చాలా ఉందనీ చివరి పేరాలో రాశాను. గోపాల్ ఆ పేరా కత్తిరించి పారేశాడు.

నేను ఆ వ్యాసం రాసింది ఎవరి మీద కోపంతో? తిని కూర్చుంటే లావెక్కుతారని పేదలకు నీతులు చెప్పే పెద్దమనుషుల మీద. పొద్దున గుంత మగ్గంలో కాళ్లు పెట్టి చీకటి పడ్డాక తీసే మనిషికి, చౌక బియ్యం, పామాయిలు తప్ప మరోటి అందని మనిషికి ఒళ్లు రావడం సోమరితనం కాదు, అన్యాయం. దాన్ని నువ్వు డబ్బాకు చుట్టి అమ్ముతున్నావు!

ఈ రోజే మానెయ్యి.

నీ అన్న,
వెంకటరాముడు


ధర్మవరం,
జూన్ 15

అన్నకు,

నీ ఉత్తరం చదివాను. మొదటి మాటే విషం. రెండు పేజీల్లో నా కూతురు ఎలా ఉందని లేదు, దాని పాప నడుస్తోందా అని లేదు. నీకు జనం కావాలి, మనుషులు అక్కర్లేదు.

నేను డబ్బాలు తెచ్చి ఇచ్చేది నిజమే. దొంగతనం కాదు, దాచుకోను. ఈ వీధిలో ఆడవాళ్లం పది చోట్లకు తిరిగాం. ఒక డాక్టరమ్మ తలెత్తి చూడకుండానే అంది: “తినేది తగ్గించుకోమ్మా, నెక్స్ట్.” పక్కింటి హనుమమ్మ ఊరుకుంటుందా? “తినేది ఏముండాదని తగ్గించల్ల తల్లీ, సంగటి ముద్దలో సగం నీకు పంపించల్లా?” అని అడిగి వచ్చేసింది. గోపాల్ దగ్గరకు పోతే అక్కా అని పిలిచాడు, కుర్చీ వేసి కూర్చోబెట్టాడు, మోకాలు ఎంతకాలంగా నొప్పి అని అడిగాడు. నీ కమ్యూనిజం ఆ కుర్చీ పాటి చేసిందా మాకు?

ఇంకోటి. పాప మొదటి పుట్టినరోజుకు వచ్చి నువ్వు ఏమన్నావో గుర్తుందా? అందరి ముందర, “ఏమ్ నీలా, మీ అమ్మకు చెప్పి మగ్గం గుంత ఇంకొంచెం వెడల్పు తవ్వించల్లేమో” అన్నావు. నువ్వు నవ్వావు, అందరూ నవ్వారు. నీలావతి కూడా నవ్వింది. ఆ రాత్రి అన్నం ముట్టలేదు. కాన్పు తర్వాత ఒళ్లు వచ్చి, మోకాళ్లు పట్టేసి, నిజంగానే గుంతలోకి దిగలేక గోడ పక్కన కూర్చుని కండెలకు పోగు చుట్టుకుంటున్న పిల్లను నువ్వు అన్న మాట అది. పదిహేనో ఏట నుంచి నేసిన చేయి అది, తెలుసా?

ఇప్పుడు నీల మారింది. తన మగ్గంలోకి తానే దిగి నేస్తోంది. ఎలాగని నువ్వు అడగలేదు, నేను చెప్పను. మామకు మాత్రం చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకుంది.

సైన్సు నాకు తెలియదు, పట్టు తెలుసు. పచ్చి పట్టును సబ్బు నీళ్లలో ఉడకేస్తే జిగురు పోతుంది. కిలో పట్టు ముప్పావు కిలోకు వస్తుంది. తూకం తగ్గాకే దానికి మెరుపు, మెత్తదనం. ఉడికేటప్పుడు నురగ రాదా, కంపు కొట్టదా? అంత మాత్రాన పట్టు చెడిపోయిందని ఎవరైనా పొయ్యి ఆర్పుతారా? మనిషి ఒళ్లూ అంతే. జిగురు పోయేటప్పుడు కాస్త బాధ ఉంటుంది.

మొన్నటి వానకు మా గుంతలో నీళ్లు ఊరాయి. ఎత్తిపోసుకున్నాం. మీకు ట్యాంకరు నీళ్లేనా ఇంకా?

రమ


హిందూపురం,
జూన్ 22

రమా,

ట్యాంకరే. దాని సంగతి వేరే రాస్తాను.

పట్టు గురించి నాకా చెబుతున్నావు? పట్టుగూళ్ల మార్కెట్టు మా ఇంటికి కూతవేటు దూరం. గాలి ఇటు తిరిగితే ఉడికిన పురుగు వాసనకు అన్నం సయించదు. నీ లెక్కలో ఒకటి వదిలేశావు. ఆ పట్టు జిగురు పోయి మెరవడానికి ముందు, గూటి లోపలి పురుగు వేడికి చస్తుంది. మనిషి పట్టు కాదమ్మా, లోపలున్న పురుగు.

ఇప్పుడు వాదన పక్కన పెట్టి విను. ఇలాంటి చూర్ణాల్లో చాలా చోట్ల సిబుట్రమిన్ అనే మందు కలిపి దొరికింది. మన దేశంలో 2011లోనే నిషేధించారు. అది కణంలో ఏ ఇల్లాలినీ లేపదు. మెదడులో ఆకలిని నొక్కేస్తుంది, గుండెను పరుగెత్తిస్తుంది, రక్తపోటు పెంచుతుంది. గుండె ఆగినవాళ్లున్నారు, మెదడులో నరం చిట్లినవాళ్లున్నారు. మూలిక పేరు బయట, ఈ దొంగ లోపల.

కాబట్టి అడుగుతున్నాను. నీ గుండె మీద చెయ్యి వేసుకుని నిజం రాయి. నోరు ఎండిపోతోందా? నిద్ర పట్టడం లేదా? గుండె దడదడలాడుతోందా? చేతులు వణుకుతున్నాయా? వీటిలో ఒక్కటున్నా ఆ డబ్బా పట్టుకుని బస్సెక్కు. మా కాలేజీలో కెమిస్ట్రీ రాజశేఖర్‌కు చెప్పి బెంగుళూరులో పరీక్ష చేయిస్తాను.

పుట్టినరోజు మాట నాకు గుర్తు లేదు. అన్నానేమో. మేనమామ ఆ మాత్రం నవ్వులాటకు నోచుకోలేదా? మీరు ప్రతిదీ గుండెకు పట్టించుకుంటే ఎట్లా?

వెంకటరాముడు


ధర్మవరం,
జూన్ 29

అన్నకు,

గుండె మీద చెయ్యి వేసుకునే రాస్తున్నాను. నాకు ఏమీ లేదు. నోరు ఎండలేదు. పడుకుంటే పొద్దుటిదాకా తెలివి రాదు. చేయి వణికితే జరీ అంచు నేయగలనా? డబ్బాలు మా ఇంట్లో పెట్టి నాలుగు నెలలైంది, నాకు ఒక్క జ్వరం రాలేదు. చాలా?

నీ ఉత్తరం గోపాల్‌కు చూపించాను. కోప్పడతాడనుకున్నాను, నవ్వాడు. “అక్కా, గుండె కొట్టుకునేది మంచిదే. మీ అన్న రాసిండే ప్రొటీన్ లేచేది ఇదే. కణం లేస్తాండాది అని అర్థం” అన్నాడు. నువ్వు రాసిన ముక్క మీద వేలు పెట్టి మరీ చూపించాడు. ఇప్పుడు మీ ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలి? ఇద్దరూ అదే కాగితం పట్టుకుని మాట్లాడుతున్నారు.

నీల ఇక్కడే ఉంది. నేను ఏం రాస్తున్నానా అని తొంగి చూస్తోంది. “మామకు నా గురించి ఒక్క ముక్క రాసినావో చూడు” అని బెదిరిస్తోంది. ఈ మధ్య దానికి నిద్ర తక్కువ. పాప ఏడుస్తుందని లేస్తుంది, మళ్లీ పడుకోదు, మగ్గంలో దిగుతుంది. పక్కన చెంబు నీళ్లు ఉండాల్సిందే. అల్లుడు పవన్‌కు కార్ల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు పడింది కాబట్టి వాడికి ఇవేమీ తెలియవు. చీర తొందరగా దిగుతోంది గానీ పోగులు తెగుతున్నాయి. ఎప్పుడూ తెగని చేయి. పట్టే మంచిది కాదేమో.

వదినను అడిగానని చెప్పు.

రమ


హిందూపురం,
జూలై 6

చెల్లెలికి,

నీ ఉత్తరం చూసి ప్రాణం కుదుటపడింది. నాలుగు నెలలుగా తాగుతూ నీకు గుండె దడ లేదు, నిద్ర చెడలేదు అంటే తేలిపోయింది. ఆ డబ్బాలో చైనా లేదు, మూలికా లేదు, మందూ లేదు. గోధుమ పిండి, కాస్త విరేచనాల ఆకు. విరేచనమైతే తూకం తగ్గుతుంది, జనం మురిసిపోతారు. వాడు ఉత్త టోపీ గాడు, హంతకుడు కాదు.

ఒక రకంగా నాకు నిరాశే. పెద్ద వ్యాసం రాద్దామని కూర్చున్నాను. ఇప్పుడు పిండి మీద ఏం రాసేది? ఎంత తాగినా ప్రాణానికి ఏం కాదు, దుడ్లే దండగ. అమ్మడం మాత్రం మాను. మోసం చిన్నదైనా మోసమే.

డబ్బా పరీక్షకు తొందర లేదు, వచ్చినప్పుడు తెద్దువు. నేను పది రోజులు ఊళ్లో ఉండను. కర్నూలులో సభ ఉంది, చౌక డిపోల్లో రాగులు, జొన్నలు ఇవ్వాలని తీర్మానం పెడుతున్నాం. పామాయిలు పోసి పిల్లలను పెంచే ప్రభుత్వం ఊబకాయం మీద ర్యాలీలు చేయడం చూస్తే ఒళ్లు మండుతుంది. నిజానికి లావు మీద అసలైన మందు చౌక డిపో సంచిలో ఉంది, సీసాలో లేదు. అది చెబితే వినేవాడు లేడు.

ఆ పట్టు మాట బాగుంది. కోపంలో మెచ్చుకోలేదు.

నీ అన్న


ధర్మవరం,
జూలై 13

అన్నా,

ఈసారి నీ ఉత్తరం చదివి ఏడుపొచ్చింది, సంతోషంతో. ఇక దాచే పని లేదు. ఒట్టు కూడా నీల తానే తీసేసింది.

ఆ మందు తాగేది నేను కాదు, నీలావతి. నేను ఎప్పుడూ తాగలేదు. ఉగాది తర్వాత మొదలుపెట్టింది. నువ్వు తిడతావనీ, మళ్లీ అందరి ముందర ఏదో అంటావనీ చెప్పొద్దంది. నాకూ లోపల భయం లేకపోలేదు. నువ్వు రాసిన నాలుగూ దానికి ఉన్నాయి. నోరు ఎండుతుంది. నిద్ర లేదు. గుండె మగ్గంలో నాడె ఆడినట్టు అటూ ఇటూ కొట్టుకుంటుందని నా చేయి తీసి పెట్టుకుంటుంది. చేతులు వణికే పోగులు తెగుతున్నాయి. నేను జిగురు పోతోందిలే అని ధైర్యం చెబుతూ వచ్చాను, కానీ నీ ప్రశ్నలు చదివిన రోజు నుంచి నాకు కూడు దిగలేదు.

ఇప్పుడు నువ్వే రాశావు కదా, ఎంత తాగినా ప్రాణానికి ఏం కాదని. ఆ ముక్క పవన్‌కు కూడా చదివి వినిపించాను. నీల నా చేతిలోంచి కాగితం లాక్కుని మళ్లీ చదువుకుంది. “చూసినావా మా, మామ ఉత్తినే అరుస్తాడు గానీ అబద్ధం చెప్పడు” అంది. నిన్నటి నుంచి సాయంత్రం కూడా ఒక చెంచా తాగుతోంది. పాప రెండో పుట్టినరోజుకు మామ వచ్చినప్పుడు చూడాలి నన్ను, అంటోంది.

నిజంగా చిక్కిపోయింది అన్నా. చూస్తే గుర్తుపట్టవు. వచ్చి ఒకసారి బాగున్నావని చెప్పు. నీ నోటి నుంచి వినాలని దానికి.

రమ


ధర్మవరం, నీ గడపలో,
జూలై 18, మధ్యాహ్నం

రమా,

కర్నూలు నుంచి పొద్దున వచ్చి నీ ఉత్తరం చూశాను. ఫోను ఎవరూ ఎత్తలేదు. రైలు పట్టుకుని వచ్చాను, తాళం ఉంది.

హనుమమ్మ చెప్పింది. “మగ్గంలోనే ముందుకు వాలిపోయింది నాయనా. నేసిన చీర మీదనే. నేను పిలిస్తే ఒక పక్క నోరే తిరగలేదు. ఆటోలో ఏసుకోని అనంతపురం పోయినారు.”

నేను అనంతపురం వెళ్తున్నాను. మనం దారిలో తప్పిపోయి నువ్వు ముందు ఇంటికి వస్తే ఈ కాగితం చూడు. డబ్బాలు పారేయొద్దు. కాలువలో పోయొద్దు. ఎవరు అడిగినా ఇవ్వొద్దు. వీధిలో తాగేవాళ్లందరినీ ఈ క్షణం ఆపించమని హనుమమ్మకు చెప్పాను.

దానికి ఏం కాదు.

వెం.


హిందూపురం,
ఆగస్టు 10

రమా,

పదకొండో రోజు కర్మకు వచ్చి నీ ఎదురుగా కూర్చుంటే గోడ వైపు తిరిగావు. అందుకని మళ్లీ కాగితమే.

పరీక్ష ఫలితం వచ్చింది. సిబుట్రమిన్ ఉంది, నిషేధానికి ముందు డాక్టర్లు ఇచ్చిన మోతాదు కంటే చాలా ఎక్కువ. మిగిలింది పిండి, రంగు. బెర్బెరిన్ జాడ కూడా లేదు. చైనా వైద్యం తాలూకు ఆకు ముక్క ఒక్కటి లేదు. అంటే ఆ డబ్బాలో విజ్ఞానం అన్నది ఏదైనా ఉంటే అది పైన అతికించిన నా వ్యాసమే.

కేసు నమోదైంది. గోపాల్ పెనుకొండ వదిలి పోయాడు. మడకశిర వైపు ఇంకో పేరుతో డబ్బాలు కనిపించాయని విన్నాను, డ్రాగన్ బదులు ఏనుగు వేశారట. నేను ఊరుకోను. పెద్ద వ్యాసం రాస్తున్నాను. నిషేధించిన మందు ఏ గోదాము నుంచి ఏ దారిలో వస్తోంది? కల్యాణ మండపంలో వైద్యం చేయడానికి వాడికి ఎవరు అనుమతి ఇచ్చారు? పేదవాడి ఒంటిని చూసి నవ్వే సమాజం ఈ హత్యలో భాగస్వామి కాదా? నిజమైన పరిశోధనను ఈ దొంగల నుంచి కాపాడేదెవరు? చైనాలోనో ఇక్కడో ఒక మూలిక మీద ఇరవై ఏళ్లు పనిచేసినవాడి శ్రమ కూడా నీల చితి మీదే కాలింది.

పవన్ శ్మశానంలో నన్ను పక్కకు పిలిచాడు. “నీ ఉత్తరం నేనూ విన్నా మామా” అన్నాడు.

మన ఉత్తరాలు వ్యాసంతో పాటు అచ్చు వేయాలనుకుంటున్నాను. పేర్లు మారుస్తాను. నువ్వు సరేనంటే చాలు. అమాయకులైన చేనేత స్త్రీలు ఎలా వంచనకు గురవుతారో లోకానికి తెలియాలి.

వెంకటరాముడు


ధర్మవరం,
ఆగస్టు 18

అన్నకు,

అచ్చు వేసుకో. కానీ నీ ఇష్టం వచ్చినట్టు కాదు.

నీ ఉత్తరంలో సమాజం ఉంది, గోదాము ఉంది, చైనా ఉంది. నీల పేరు ఒక్కసారి వచ్చింది, అదీ చితి పక్కన, ఎవరో పరిశోధకుడి శ్రమ కోసం. నేను అమాయకురాలిని కాదు. పాతికేళ్లుగా మగ్గం నడిపిన మనిషిని. కూతురి గుండె కొట్టుకోవడం నా అరచేతికి తెలిసింది. తెలిసి, పట్టు మాట చెప్పుకుని నన్ను నేను నమ్మించుకున్నాను. నువ్వు చదువుకున్నవాడివి. మందు పేరు తెలుసు, దాని లక్షణాలు తెలుసు, పరీక్ష చేయించే మనిషి తెలుసు. నాకు దడ లేదని రాస్తే, తాగేది నేనేనా అని ఒక్క మాట అడగలేదు. నీల నిద్రపోదని, చెంబు నీళ్లు పక్కన పెట్టుకుంటుందని, పోగులు తెగుతున్నాయని అదే కాగితంలో రాశాను. నువ్వు చదివింది నీ వ్యాసానికి పనికొచ్చే ముక్క ఒక్కటే.

నిన్ను తిట్టడానికి ఇది రాయడం లేదు. తిడితే నువ్వు దానికీ జవాబు రాస్తావు. నాకు కావలసినవి కింద రాస్తున్నాను. వీటిలో బేరం లేదు.

1. పేర్లు మార్చొద్దు. నీలావతి అని వెయ్యి. రమాదేవి అని వెయ్యి. డబ్బా మూత తీసి చెంచా ఇచ్చింది తల్లేనని వెయ్యి.

2. ‘ఎంత తాగినా ప్రాణానికి ఏం కాదు’ అన్న మాట నీ పేరుతో, మొదటి పేజీలో, తక్కినవాటికంటే ముందు వెయ్యి.

3. గోపాల్ ఫోటో వెయ్యి. ఏనుగు డబ్బా ఫోటో కూడా.

4. అమాయకులు అనే మాట కొట్టెయ్యి.

5. క్యాంపు పెట్టి బరువు తగ్గించే మందు అమ్మేవాడి డబ్బా, అమ్మకముందే ప్రభుత్వం పరీక్ష చేయాలి. ఫలితం తెలుగులో, మండపం గోడకు అతికించాలి.

6. మగ్గాల వీధికి నెలకోసారి డాక్టరు రావాలి. వచ్చినామెను తలెత్తి చూడాలి. బీపీ చూడకుండా పంపకూడదు.

7. గుంతలోకి దిగలేనివాళ్లకు ఎత్తు మీద కూర్చుని నేసే మగ్గం ఇప్పించాలి. అది ఉంటే నీల ఆ డబ్బా ముట్టేది కాదు. ఈ అర్జీ నువ్వు రాయి, సంతకాలు నేను పెట్టిస్తాను.

8. పాపకు ఊహ తెలిసినాక, తల్లి ఎలా చచ్చిపోయిందని అడుగుతుంది. ఆ రోజు నువ్వు వచ్చి చెప్పాలి. జరిగింది జరిగినట్టు. నాకు నోరు రాదు.

రమాదేవి